ఒళ్లో బిడ్డకు ఆకు లేదు

మా మనవళ్లు నెల్లూరు పోతే కాఫీ హోటల్లో అడుగు పెట్టకుండా ఇంటికి రారు. ఏం తిన్నార్రా అని అడిగితే సంబరంగా చెబుతారు. ఎంతైందిరా అని అడిగితే మాత్రం గోడ వైపు చూస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. ఇంట్లో పొయ్యి ఉండగా పరాయి పొయ్యి మీద ఉడికింది కొనుక్కుని తినడం ఇప్పుడు సరదా అయింది. మా చిన్నతనంలో అది సరదా కాదు. ఎవరు తినాలి, ఎవరు తినకూడదు, ఎవరు ఎవరి ఒళ్లో కూర్చోవాలి అన్నది బండి కట్టకముందే ఇంట్లో తేలిపోవాలి. పెళ్లి మాటలకు కూడా మా ఇంట్లో అంత ఆలోచన చేసేవారు కాదు.

మాది ఉదయగిరి. మా నాయన కొండ కట్టె తెచ్చి తెడ్లు, గరిటెలు, కవ్వాలు చెక్కేవాడు. ఆయన చెక్కిన తెడ్డు చేతికి తగిలితే ముల్లు గుచ్చుకోదని చుట్టుపక్కల ఊళ్లలో పేరు. సరుకు కుప్ప పడ్డాక ఒంటెద్దు బండి కట్టుకుని ఇంటిల్లిపాదీ ఆత్మకూరు సంతకు బయలుదేరేవాళ్లం. నాయన కవ్వాలు భుజాన వేసుకుని వీధుల్లో కేకలు వేస్తూ తిరిగేవాడు. అవ్వ, అంటే మా నాయన తల్లి, మా అమ్మతో కలిసి సంతలో కూర్చుని తెడ్లు అమ్మేది. బండి కాపలా నాది. మా చెల్లెలు అమ్మ చంకలో ఉండేది. అప్పటికి దానికి ఏడాది దాటి ఉంటుంది.

రెండు రోజుల ప్రయాణం అది. మొదటి రోజుకు ఇంటి దగ్గర కట్టుకున్న సద్ది సరిపోయేది. రెండో రోజుకు అది పులిసి కంపు కొట్టేది. అందుకని ఆత్మకూరులో పూటకూళ్ల ఇంట్లో తినక తప్పేది కాదు. ఆ ఇల్లు సంత వీధి చివర ఉండేది. నడిపే ఆవిడ విధవరాలు. పొడుగాటి మనిషి, గట్టి గొంతు. పెద్దవాళ్లకు లోపల వడ్డన, మా బోటివాళ్లకు బయటి అరుగు మీద. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా పర్వాలేదంటారు. ఆవిడ ఎవరి మనిషీ కాదు. చేతిలో గరిటె ఎవరి ముందైనా ఒకే లెక్కన వంగేది.

అక్కడ డబ్బు మనిషికి కాదు, ఆకుకు. ఆకు ముందు కూర్చున్నవాడు ఎంతైనా తినవచ్చు, మూట మాత్రం కట్టుకోకూడదు. విస్తళ్లు మనం తెచ్చుకుంటే కొంత తగ్గించేది. మా కొండ కింద మోదుగాకుకు కొదవ లేదు కనక అమ్మ దారి పొడుగునా బండిలో కూర్చుని ఈనెపుల్లలతో విస్తళ్లు కుట్టేది. పిల్లలకు అరాకు, అంటే సగం డబ్బు. ఒళ్లో కూర్చుని తల్లి ఆకులోనే తినే బిడ్డకు ఏమీ లేదు. తన చేత్తో తాను ముద్ద కలుపుకునే రోజు వస్తే ఆ బిడ్డ ఒళ్లో బిడ్డ కాదు, అరాకు బిడ్డ అవుతుంది. ఇది ఆవిడ పెట్టిన కట్టడి. ఇందులో వాదానికి చోటు లేదు.

ఇక మా ఇంటి ఉపాయాలు చెబుతాను. అవ్వకు పరాయి వంట పనికిరాదు. బండి నీడలో కూర్చుని తాను తెచ్చుకున్న అటుకులు నానబెట్టుకుని తినేది. "మాయమ్మ మడి మనకు ఒక ఆకు మిగిలిస్తా ఉండాది" అని నాయన నవ్వేవాడు. ఆ రోజు పొద్దున ఎవరికీ ఏమీ పెట్టేవారు కాదు. "నీళ్లు తాగబాకండి, కడుపులో చోటు ఉండనీండి" అని దారంతా చెప్పేవాడు. నాకు అరాకు వయసు దాటుతున్నా, అరుగు ఎక్కగానే నడుం వంచి చిన్నదానిలా కూర్చోవాలి. ఆకలి రుచి ఎరగదంటారు గానీ నాకు ఆ వంట రుచి ఇప్పటికీ తెలుసు. వేడి అన్నం, కందిపప్పు, గోంగూర పచ్చడి, చివర పల్చటి మజ్జిగ.

అన్నిటికన్నా పెద్ద ఉపాయం మా చెల్లెలు. ఒళ్లో బిడ్డ ఉన్న తల్లికి పూటకూళ్లమ్మ ఒక గరిటె అన్నం ఎక్కువ వేసి, దాని మీద బొట్టు నెయ్యి వేసేది. బిడ్డ తినేది రెండు ముద్దలు. మిగిలింది అమ్మకు, అమ్మ ఆకులోంచి నాకు. "ఈ బిడ్డ మనకు లాభం తెచ్చే బిడ్డ" అనేవాడు నాయన. కానీ దానికి అన్నం కనబడితే చెయ్యి పెట్టాలని ఆశ. ఐదు వేళ్లూ చాచి ఆకు మీదకు దూకేది. అది అన్నంలో చెయ్యి పెట్టి కలిపిందంటే అరాకు డబ్బు పడుతుంది. అందుకని అమ్మ ఎడమ చేత్తో దాని కుడి చెయ్యి పట్టుకుని, చీర మడతలో దాచి, తానే ముద్దలు పెట్టేది. అది గింజుకునేది, ఏడ్చేది, ఏడుస్తూనే నోరు తెరిచేది. మేమంతా నవ్వేవాళ్లం. పూటకూళ్లమ్మ కూడా చూసీ చూడనట్టు పోయేది.

తర్వాత ధాత నామ సంవత్సరం వచ్చింది. ధాత కరువు గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, చెప్పాలని కూడా లేదు. బతికుంటే బలుసాకు తిని బతకవచ్చంటారు, ఆ ఏడు బలుసాకు కూడా లేదు. నాగజెముడు కాయలు తిన్నాం. పేరు తెలియని గడ్డలు తిన్నాం. తెడ్లు కొనేవాడు లేడు. వండుకునేదానికే లేనివాడు తెడ్డు దేనికి కొంటాడు? అమ్ముడుపోని తెడ్లూ కవ్వాలూ మా పొయ్యిలోకే పోయాయి. నాయన చెక్కిన నున్నటి తెడ్డు మంటలో చిటపటలాడుతుంటే ఆయన లేచి బయటికి పోయేవాడు. ఎద్దు చచ్చిపోయింది. తోలు కూడా మాకు దక్కలేదు.

ధాత పోయి ఈశ్వర వచ్చినా వాన రాలేదు. ఆ ఏడే మా చెల్లెలు పోయింది. గంజి పోసే చోట రోగం తగులుకుందని కొందరన్నారు, ఆకలేనని కొందరన్నారు. చివరి రోజుల్లో దానికి ఏడవడానికి ఓపిక లేదు. కళ్లు తెరిచి "బువ్వ" అనేది, మళ్లీ మూసేది. నాయన దాన్ని తట్టలో పెట్టుకుని కొండ కిందికి పోయి మన్ను కప్పి వచ్చాడు. చిన్నబిడ్డలకు దహనం లేదు, పిండం లేదు, ఏటేటా తద్దినం లేదు. పెద్దవాళ్లు పోతే ఏడాదికొకసారైనా ఆకు వేసి పిలుస్తారు. బిడ్డలకు అది కూడా లేదు. "మన్నులో పెట్టి వెనక్కి తిరిగి చూడకుండా రావాల. చూస్తే వెంట వస్తాది" అని అవ్వ చెప్పి పంపింది. నాయన చూడకుండానే వచ్చాడు. అమ్మ ఏడవలేదు. పోయిందన్న మాట ఆమె నోటినుంచి రాలేదు. అడిగినవాళ్లతో "పడుకునింది" అని మాత్రం అనేది. ఇరుగుపొరుగువాళ్లకు కూడా వాళ్ల వాళ్ల పడుకున్నవాళ్లు ఉన్నారు కనక ఎవరూ మళ్లీ అడగలేదు.

ఈశ్వర పోయి బహుధాన్య వచ్చింది. పేరు చూడండి, బహుధాన్య! ఊరు సగం మన్నులోకి పోయాక ధాన్యం పేరు పెట్టుకుని వచ్చింది. వానలు పడ్డాయి. పొయ్యిలు వెలిగాయి. జనానికి మళ్లీ తెడ్లు కావలసి వచ్చాయి, ఎందుకంటే అందరూ మాలాగే పొయ్యిలో పెట్టుకున్నవాళ్లే. అమ్మ కాళ్ల కడియాలిచ్చి నాయన ఒక ముసలి ఎద్దును తెచ్చాడు. బండికి సరుకు ఎత్తి ఆత్మకూరు బయలుదేరాం. దారిలో ఊళ్లు ఉన్నాయి, మనుషులు లేరు. తలుపులు తెరిచి ఉన్న ఇళ్ల ముందు గడ్డి నడుము ఎత్తు పెరిగి ఉంది. నాయన ఎద్దును అదిలించడానికి కూడా గొంతు ఎత్తలేదు. నాకు ఆ తెరిచి ఉన్న తలుపులు చూస్తే భయమేసి, తెడ్ల మూటల మధ్య ముడుచుకుని పడుకున్నాను. అమ్మ మాత్రం విస్తళ్లు కుడుతూ కూర్చుంది.

పూటకూళ్ల ఇల్లు అలాగే ఉంది. ఆవిడ కూడా ఉంది, చిక్కి సగమైంది గానీ గొంతు తగ్గలేదు. అరుగు మీద కూర్చున్నాం. నాయనకు ఆకు, అమ్మకు ఆకు, నాకు అరాకు. ఆవిడ అన్నం గిన్నెతో వచ్చి అమ్మ ముందు వంగి, ఖాళీగా ఉన్న ఒడి వైపు చూసింది.

"బిడ్డేది?" అని అడిగింది.

అమ్మ తల ఎత్తలేదు. "బండిలో నిద్రపోతా ఉండాది" అన్నది.

నాయన చెయ్యి ఆకు మీద ఆగిపోయింది. నేను నాయన ముఖం చూశాను. ఆయన నా వైపు చూడలేదు. పూటకూళ్లమ్మ ఒక్క క్షణం నిలబడి లోపలికి పోయి దొప్పలో ఇంత అన్నం, మీద బొట్టు నెయ్యి వేసుకుని వచ్చింది. "లేచినాక పెట్టు" అని అమ్మ పక్కన పెట్టింది. మూట కట్టనివ్వని మనిషి తానే దొప్ప కట్టి ఇచ్చింది. ఒళ్లో బిడ్డది కనక దానికి డబ్బు లేదు. అమ్మ ఆ దొప్పను కొంగు కింద పెట్టుకుని తన ఆకులో అన్నం తింది. ఎడమ చెయ్యి గుప్పిట బిగించి ఒళ్లో పెట్టుకుని తింది. ఆ గుప్పిట దేన్ని పట్టుకున్నదో నాకు తెలుసు.

బండి దగ్గరికి రాగానే అవ్వ దొప్పను చూసింది. "ఎవురికే అది?" అని అడిగింది. అమ్మ దొప్పను నా చేతిలో పెట్టి "తిను" అన్నది. నేను తిన్నాను. కరువు తిన్న కడుపు వద్దనలేదు. నెయ్యి వాసనకు నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. సగం తిన్నాక, మూటల మధ్య ఇంతకుముందు చెల్లెల్ని పడుకోబెట్టే చోటు కనబడింది. అక్కడ కట్టిన గుడ్డ ఉయ్యాల లేదు, దాని మేకులు మాత్రం ఉన్నాయి. ఎవరో నా చేతి వైపు ఆశగా చూస్తున్నట్టు అనిపించింది. కళ్లు మూసుకుని మిగతాది మింగేశాను. అవ్వ ఏదో గొణుక్కుంటూ బండి చుట్టూ ఉప్పు తిప్పి దూరంగా పారేసింది.

ఆ తర్వాత ప్రతి సంతకూ అదే జరిగింది. ఆవిడ అడిగేది, అమ్మ చెప్పేది. చెప్పగా చెప్పగా అబద్ధానికి కాళ్లు వచ్చాయి. "మొన్న జొరం తగిలింది, ఇప్పుడు నయం" అని ఒకసారి. "వాళ్లక్కతో పోట్లాడి పడుకునింది" అని ఒకసారి. ఒకసారి, వడ్డిస్తున్న ఆవిడ కొంగు పట్టుకుని ఆపి మరీ, "ఇప్పుడు మాటలన్నీ చెబతా ఉండాదమ్మా" అన్నది. అలా అన్నప్పుడు ఆమె ముఖంలో సంతోషం చూశాను. అదే నాకు అన్నిటికన్నా భయం. మా ఇంట్లో పోయిన బిడ్డ ఆ అరుగు మీద పెరుగుతోంది. మాటలు నేర్చింది, నాతో పోట్లాడుతోంది. నేను బండిలో పడుకునేటప్పుడు పక్కన ఒక బిడ్డకు పట్టేంత చోటు వదిలిపెట్టేదాన్ని. ఎందుకు వదిలావని ఎవరూ అడగలేదు. దొప్పలో అన్నం ప్రతిసారీ నేనే తినేదాన్ని. తినకపోతే అమ్మ ముఖం చూడలేకపోయేదాన్ని.

నాయన తట్టుకోలేకపోయాడు. ఒక సంత రోజు భోజనాలయ్యాక పూటకూళ్ల ఇంటి పెరట్లో బావి దగ్గరికి పోయాడు. నేను చెయ్యి కడుక్కోవడానికి వెనకే పోయి గోడ ఇవతల ఆగిపోయాను. ఆవిడ గిన్నెలు తోముతోంది.

"అమ్మా, నీకొక మాట చెప్పాల. ఆ చిన్నబిడ్డ సంగతి..." అన్నాడు నాయన.

"లేదు గదా" అన్నది ఆవిడ, తోమడం ఆపకుండా.

"నీకెవురు చెప్పినారు?"

"ఒకరు చెప్పేదేంది నాయనా. బండిలో బిడ్డను పడుకోబెట్టి వచ్చిన తల్లి ముద్దకొకసారి బండి దిక్కు చూస్తాది. ఎద్దు తోక ఊపినా ఉలిక్కిపడతాది. నీ పెండ్లాం మొదటి పొద్దునుంచీ ఒక్కసారి గూడా తల తిప్పలా."

నాయన బావి గట్టు మీద కూర్చున్నాడు. "మరి తెలిసీ ఎందుకు పెడతా ఉండావమ్మా?" అన్నాడు చివరికి.

"కరువులో ఈ వాకిట్లో నిలబడి అడిగినోళ్లకు లేదని చెప్పినాను. నిజంగా లేకనే చెప్పినాను. అయినా ఆ మాట నా నోటినుంచే గదా వచ్చింది. బిడ్డల్ని ఎత్తుకుని వచ్చినోళ్లు ఉండారు. ఆ దొప్ప వాళ్లదనుకో" అన్నది. తర్వాత గిన్నె బోర్లించి, "నీ పెండ్లాంతో నువ్వు ఏమీ అనబాక. ఆ మాట తానే చెప్పాల. చెప్పకపోతే పిచ్చెక్కి పోతాది" అన్నది.

అప్పటినుంచి మా నాయన, ఆవిడ, నేను ముగ్గురం తెలిసినవాళ్లం. పూటకూళ్లమ్మకు నిజం తెలుసని అమ్మకు మాత్రం తెలియదు. ప్రతి సంతకూ బండి దిగేటప్పుడు, ఈసారి చెబుతుందేమో అని చూసేదాన్ని. చెప్పకుండా ఇంటికి వస్తుంటే అమ్మ కూడా మాకు దక్కదేమో అని దిగులు పడేదాన్ని. అప్పటికే ఆమె ఇంట్లో ఉండీ లేనట్టు తిరుగుతోంది. వండిన కూటిలో ఒక బిడ్డకు చాలినంత పక్కన తీసిపెట్టి, సాయంత్రానికి తానే కుక్కకు వేసేది.

గుట్టు బద్దలు కొట్టింది అవ్వ. ఆమెకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. ప్రమాది వచ్చిన తర్వాత ఒక ప్రయాణంలో అనంతసాగరం చెరువు దగ్గర ఎద్దుకు నీళ్లు పెట్టడానికి ఆగాం. అవ్వకు నడుము నొప్పి, ఎండ, సద్ది పులిసింది. అన్ని కోపాలూ కలిసి అమ్మ మీద పడ్డాయి.

"ఏమే, ఎన్నాళ్లే ఇట్ట? మన్నులో పెట్టిన బిడ్డను నిద్రపోతా ఉండాదని చెప్పి పిలస్తా ఉండావు. అది వెంట రాక ఏం చేస్తాది? పైగా చచ్చిన బిడ్డ పేరు చెప్పి కూడు మిగిలించుకుంటా ఉండావు. ఎవురన్నా చేసే పనేనా ఇది?"

"అమ్మా, ఊరుకో" అన్నాడు నాయన.

"నేనెందుకు ఊరుకోవాల? డబ్బు పెట్టకుండా తెచ్చిన ఆ దొప్ప ఏంది? నా మనవరాలి పిండమా? ఆ పిండం ఈ పెద్దపిల్ల చేత తినిపిస్తా ఉండాది!"

నేను వాంతి చేసుకున్నాను. అక్కడికక్కడే, బండి చక్రం పక్కన. అమ్మ వచ్చి నా తల పట్టుకుంది, నీళ్లు తెచ్చి నోరు కడిగింది. అవ్వకు కూడా తాను ఎంత మాట అన్నదో అప్పుడు తెలిసినట్టుంది, అటు తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ పూట ఆత్మకూరులో అమ్మ పూటకూళ్ల ఇంటికి రాలేదు. నేను, నాయన తిని వచ్చాం. ఆవిడ బిడ్డ సంగతి అడగలేదు, దొప్ప ఇవ్వలేదు.

ఆ తర్వాతి ప్రయాణంలో అమ్మ ఎప్పటిలాగే విస్తళ్లు కుడుతూ కూర్చుంది. పెద్దవి కుట్టి కట్ట కట్టింది. తర్వాత చిన్న ఆకులు ఏరుకుని ఒక చిన్న విస్తరి కుట్టడం మొదలుపెట్టింది. పెద్దవాటికి ఎప్పుడూ పట్టనంత సేపు దానికి పట్టింది. కుట్టింది విప్పి మళ్లీ కుట్టింది. నాకు దేనికో అర్థమైంది. అవ్వకు కూడా అర్థమై నోరు తెరిచింది. నాయన వెనక్కి తిరిగి చూడకుండానే "అమ్మా" అన్నాడు. అంతే, అవ్వ నోరు మూసుకుంది. మా ఇంట్లో ఆమె నోరు ఒక్క మాటకు మూతపడడం నేను చూసింది ఆ రోజే.

అరుగు ఎక్కాం. అప్పటికి నాకు నిండు ఆకు. నడుం ఎంత వంచినా దాగని వయసు వచ్చింది. అమ్మ నాయనకూ, తనకూ, నాకూ విస్తళ్లు వేసి, తన పక్కన ఆ చిన్న విస్తరి వేసింది. నీళ్లు చిలకరించి తుడిచింది. పూటకూళ్లమ్మ గిన్నెతో వచ్చి నిలబడింది.

"నా బిడ్డ పెద్దదయినాదమ్మా" అన్నది అమ్మ. "ఇంక ఒళ్లో బిడ్డ కాదు. తన చేత్తో కలుపుకుని తింటాది. అరాకు డబ్బు ఇస్తాను." కొంగు ముడి విప్పి డబ్బు అరుగు అంచున పెట్టింది. మా అమ్మ అడగకుండా డబ్బు తీయడం నేనెప్పుడూ చూడలేదు. ఒక్క మజ్జిగ గరిటె కోసం ఎంత బతిమాలే మనిషో నాకు తెలుసు.

ఆవిడ డబ్బు తీసుకుంది. వద్దనలేదు, అయ్యో అనలేదు. అందరికీ వడ్డించినట్టే ఆ చిన్న ఆకులోనూ అన్నం, పప్పు, పచ్చడి వడ్డించింది. వడ్డించి కదలకుండా నిలబడింది.

"ఆకు వేసినాక మనిషి కూర్చోవాల. ఖాళీ ఆకు ముందు ఈడ ఎవురూ తినరు. నీ బిడ్డను పిలువు" అన్నది.

నాయన "అమ్మా..." అన్నాడు. ఆవిడ ఆయన వైపు చూడలేదు.

"పిలువమ్మా. అన్నం చల్లారిపోతాది."

అమ్మ బండి వైపు తిరిగింది. అన్నిసార్లలో అదే మొదటిసారి తిరగడం. తిరిగి, చెల్లెల్ని పేరు పెట్టి పిలిచింది. వీధిలో ఆడుకుంటున్న బిడ్డను తల్లి భోజనానికి ఎలా పిలుస్తుందో అలాగే, కాస్త కోపంగా, కాస్త ముద్దుగా పిలిచింది. అరుగు మీద తింటున్న సంతవాళ్లు కూడా బండి వైపు చూశారు. నేనూ చూశాను. ఇప్పుడు చెబితే నవ్వుతారు గానీ, అది దిగివస్తుందనే అనుకున్నాను. మూటలు పక్కకు జరుపుకుని, ముందు ఒక కాలు కిందికి వేలాడేసి, దిగుతుందని ఎదురుచూశాను. వస్తే నా పక్కన కూర్చుంటుందని భయమూ వేసింది, రావాలని ఆశా కలిగింది. ఎద్దు తల విదిలించింది. బండిలోంచి ఎవరూ దిగలేదు.

అమ్మ మళ్లీ పిలిచింది. ఈసారి గొంతు చిన్నదైపోయింది. కాసేపు అలాగే చూసి ఆకు వైపు తిరిగింది.

"అది రాదమ్మా" అన్నది. "ఈశ్వరలోనే పోయినాది. బువ్వ బువ్వ అంటానే పోయినాది నా బిడ్డ."

ఇంతకాలం రాని ఏడుపు అప్పుడు వచ్చింది. అది వినడానికి నాకు ఇప్పటికీ ధైర్యం లేదు, అయినా వినబడుతూనే ఉంటుంది. నాయన తల వంచుకుని ఏడ్చాడు. వడ్డన మధ్యలో ఎప్పుడూ కూర్చోని ఆ పూటకూళ్లమ్మ గిన్నె కింద పెట్టి అమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది. తనకు తెలుసని చెప్పలేదు. ఏడవనిచ్చింది. లోపలినుంచి ఎవరో మజ్జిగ కోసం కేక వేశారు, ఆవిడ లేవలేదు.

ఏడుపు తగ్గాక, "మరి ఈ ఆకు ఎత్తేదా?" అని మెల్లగా అడిగింది.

"ఉండనీ. మేం తినేదాకా ఉండనీ" అన్నది అమ్మ.

"నెయ్యి వేసేదా?"

అమ్మ ముక్కు చీది కొంగుతో తుడుచుకుంది. "వెయ్యి. డబ్బిచ్చినాను గదా" అన్నది.

ఆవిడ లేచి నెయ్యి తెచ్చి, బొట్టు కాదు, గరిటె నిండా వేసింది. అమ్మ తన ఆకులో అన్నం కలుపుకుంది. ఏడుస్తూనే తింది. మారు అన్నం అడిగి వేయించుకుని మళ్లీ తింది. కరువు తర్వాత ఆమె అడిగి తినడం అదే మొదలు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. పక్క ఆకులో అన్నం ఎలా వడ్డించిందో అలాగే ఉంది, ఎవరూ కలపలేదు. మేం లేచి చేతులు కడుక్కునేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.